శాకాహారినే కదా, నా కాలేయానికి కొవ్వెలా పట్టింది?

ఫ్యాటీ లివర్ గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాను. వాటిలో చాలావాటి వెనుక ఒకే నమ్మకం కనిపించింది: మాంసం, మద్యం ముట్టనివారికి ఈ జబ్బు రాకూడదని, ఒకవేళ వచ్చినా కూరగాయలు తింటే పోవాలని. ఈ నమ్మకంలో కొంత నిజముంది, కొంత లేదు. రెంటినీ విడదీయడానికే ఈ సమాధానాలు. ఉత్తరాలను కుదించాను, రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి శాకాహారిని. మద్యం అలవాటు లేదు. ఏటా చేయించుకునే పరీక్షల్లో భాగంగా తీసిన కడుపు స్కానింగులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. ఉండాల్సిన దానికన్నా తొమ్మిది కిలోల బరువు ఎక్కువున్నాను, చక్కెర వ్యాధికి అంచున ఉన్నానన్నారు. ఉదయం తెల్ల రొట్టె, జామ్; రోజుకు నాలుగుసార్లు రెండేసి చెంచాల చక్కెరతో టీ; సాయంత్రం బిస్కెట్లు లేదా నూనెలో వేయించిన చిరుతిండి; రాత్రి భోజనం తరువాత ఒక గ్లాసు పండ్లరసం. ఇందులో కొవ్వు పట్టించేది ఏముందో నాకు అర్థం కావడం లేదు.

సమాధానం: మీ జాబితాలో మాంసం లేదన్న మాట నిజమే. అయితే పొట్టుతో ఉన్న ధాన్యం గానీ, పప్పు గానీ, కొరికి తినే పండు గానీ అందులో ఒక్కటైనా లేదు. మీరు తినేవన్నీ మొక్కల నుంచి పుట్టినవే, కాదనను; కానీ అవి మీ పళ్లెంలోకి చేరేలోపే వాటిలోని పీచు పోయి పిండి, చక్కెర, నూనె మాత్రమే మిగిలాయి. కాలేయానికి మొక్క పేరుతో పని లేదు, దానికి చేరేది ఆ మిగిలిన సరుకే.

కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు బొట్లు కనిపిస్తే దాన్ని కొవ్వు పట్టిన కాలేయం అంటాము. ఆ కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు 2005లో అమెరికా పరిశోధకులు ఈ జబ్బు ఉన్నవారి మీదే ఒక లెక్క తీశారు. ఆహారంలోని కొవ్వుకూ రక్తంలోని కొవ్వు ఆమ్లాలకూ ఐసోటోపులతో (జాడ తీయడానికి వాడే ప్రత్యేక పరమాణువులతో) గుర్తులు పెట్టి, చివరికి కాలేయంలో ఏవి ఎంత తేలాయో చూశారు. సుమారు 59 శాతం ఒంట్లో అప్పటికే నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా వచ్చినది, 26 శాతం కాలేయం తానుగా పిండిపదార్థాల నుంచి తయారు చేసుకున్నది, భోజనంలోని కొవ్వు నేరుగా చేరినది 15 శాతం మాత్రమే. అంటే మీరు అనుమానించని రెండు దారుల నుంచే అధిక భాగం వస్తోంది. నడుము దగ్గర కొవ్వు పెరిగి ఇన్సులిన్ మాట చెల్లకపోవడం మొదలైతే, కొవ్వు కణాలు భోజనం చేశాక కూడా కొవ్వు ఆమ్లాలను వదులుతూనే ఉంటాయి. అదే సమయంలో రక్తంలో పెరిగిన ఇన్సులిన్ కాలేయాన్ని కొత్త కొవ్వు తయారు చేయమని పురమాయిస్తూనే ఉంటుంది. చక్కెర వ్యాధి అంచున ఉన్నవారిలో ఈ రెండూ కలిసి జరుగుతాయి.

ఇక మీ చక్కెర లెక్క చూద్దాం. చెంచాకు 4 గ్రాముల చొప్పున వేసుకున్నా నాలుగు టీలలో 32 గ్రాములు. గ్లాసు పండ్లరసంలో ఇంచుమించు 20 గ్రాములు. జామ్, బిస్కెట్లు వేరే. విడిగా కలిపిన చక్కెర, రసాల్లోని చక్కెర రెండూ కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతానికి లోపే ఉండాలని, 5 శాతానికి తగ్గిస్తే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఇవి 50 గ్రాములు, 25 గ్రాములు అవుతాయి. మీరు టీ, పండ్లరసంతోనే పై హద్దు దాటేశారు. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజును ఒంట్లోని కణాలన్నీ వాడుకుంటాయి గానీ, ఫ్రక్టోజు భారం చాలావరకు చిన్నపేగు మీద, కాలేయం మీద పడుతుంది. పైగా గ్లూకోజు విచ్ఛిన్నమయ్యే దారిలో ‘ఇక చాలు’ అని ఆపే మెట్టును తప్పించుకుని ఫ్రక్టోజ్ లోపలికి వెళ్లిపోతుంది కనుక, అవసరానికి మించినదంతా కొవ్వు తయారీకి ముడిసరుకు అవుతుంది.

వేయించిన చిరుతిండి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నూనె మొక్కలదే కదా అన్న ధీమా చాలామందిలో ఉంది. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2014లో వెల్లడించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. సాధారణ బరువున్న 39 మంది యువతీయువకులకు ఏడు వారాల పాటు మామూలు భోజనానికి అదనంగా మఫిన్లు తినిపించారు. సగం మంది మఫిన్లలో పామాయిల్, మిగతా సగం మంది మఫిన్లలో పొద్దుతిరుగుడు నూనె. మిగిలిన దినుసుల్లో తేడా లేదు. రెండు బృందాల బరువూ ఒకేలా పెరిగింది. కానీ కాలేయంలోని కొవ్వు పామాయిల్ తిన్నవారిలో చాలా ఎక్కువగా పెరిగింది. రెండు నూనెలూ మొక్కలవే. తేడా అల్లా పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు కావడం, పొద్దుతిరుగుడు నూనెలో అసంతృప్త కొవ్వు ఎక్కువగా ఉండడం. బజారులో కొనే బిస్కెట్ల పొట్లం వెనుక దినుసుల చీటీ చదివితే పామాయిల్ పేరు ఎంత తరచుగా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది. కొబ్బరి నూనెలో సంతృప్త కొవ్వు ఇంకా ఎక్కువ, 80 శాతం పైమాటే.

‘మొక్కల ఆహారం’ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు ఆహారాలు దాగి ఉన్నాయని హార్వర్డ్ పరిశోధకులు 2016లో లెక్కలతో చూపించారు. వారు ఆహారానికి రెండు రకాలుగా మార్కులు వేశారు: పొట్టు తీయని ధాన్యాలు, పండ్లు, కూరగాయలు, పప్పులు, గింజలు ఎక్కువగా తినేవారికి ఒక రకం, పండ్లరసాలు, తీపి పానీయాలు, తెల్లపిండి, మిఠాయిలు ఎక్కువగా తినేవారికి మరొక రకం. మొదటి రకంలో ఎక్కువ మార్కులు వచ్చినవారిలో టైప్ 2 మధుమేహం మూడో వంతు తక్కువగా కనిపించగా, రెండో రకంలో ఎక్కువ మార్కులు వచ్చినవారిలో అది పెరిగింది. తరువాత ఇవే మార్కులతో ఫ్యాటీ లివర్‌ను పరిశీలించినవారికీ తేడా ఆ దిశలోనే కనిపించింది. ఇవి జనాన్ని గమనించి తీసిన లెక్కలే గానీ ప్రయోగాలు కావు. అయినా పైన చెప్పిన ప్రయోగాలతో కలిపి చదివితే మీ స్కానింగు రిపోర్టు ఆశ్చర్యపరచదు.

చివరిగా మద్యం మాట. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు, మద్యం తాగనివారి కాలేయంలోనూ తాగేవారిలో కనిపించే కొవ్వూ వాపూ చూసి ఆ జబ్బుకు పేరు పెట్టారు. నాటి నుంచి ‘మద్యంతో సంబంధం లేని’ అన్న విశేషణమే దాని గుర్తింపుగా ఉండిపోయింది. ఏది కాదో చెప్పే పేరు ఏమిటో చెప్పదు కనుక, 2023లో కాలేయ వైద్యుల సంఘాలు దాన్ని మార్చి జీవక్రియ లోపంతో ముడిపెట్టాయి. ఇప్పుడు కాలేయంలో కొవ్వుతో పాటు అధిక బరువు లేదా నడుము కొలత, రక్తంలో పెరిగిన చక్కెర, అధిక రక్తపోటు, పెరిగిన ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), తగ్గిన మంచి కొలెస్టరాల్ అనే ఐదింటిలో కనీసం ఒకటి ఉందా అని చూస్తాము. మాంసం తింటారా లేదా అన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, బరువు ఎక్కువ. కాలేయంలో కొవ్వు చేరిందని పిల్లల డాక్టరు గారు చెప్పారు. కూల్‌డ్రింకులు మాన్పించి, వాటి బదులు ఇంట్లో తీసిన పండ్లరసం ఇస్తున్నాను. పండ్లలోనూ ఫ్రక్టోజ్ ఉందని ఎక్కడో చదివి, పండ్లు కూడా మాన్పించాలా అని భయపడుతున్నాను.

సమాధానం: పండ్లు మాన్పించకండమ్మా, రసం మాన్పించండి. ఇంట్లో తీసినా, చక్కెర కలపకపోయినా, వడకట్టిన రసం కాలేయం దగ్గర తీపి పానీయంలాగే నడుచుకుంటుంది. మూడు నారింజలు ఒలిచి తినాలంటే పావుగంట పడుతుంది, రెండోది తినేసరికే కడుపు నిండిన భావన వస్తుంది. ఆ మూడింటి రసం అర నిమిషంలో గొంతు దిగుతుంది. పండును నమిలి తిన్నప్పుడు ఫ్రక్టోజ్ కొద్దికొద్దిగా విడుదలవుతుంది, అలా నిదానంగా వచ్చినప్పుడు దానిలో మంచి భాగాన్ని చిన్నపేగే సంభాళించుకోగలదు. ఒక్కసారిగా గుమ్మరించినప్పుడు పేగు చేతులెత్తేసి కాలేయానికి అప్పగిస్తుంది.

మీ అబ్బాయి వయసు పిల్లల మీదే జరిగిన ప్రయోగం ఒకటి 2019లో వెలువడింది. ఫ్యాటీ లివర్ ఉన్న 40 మంది అబ్బాయిల్లో సగం మందికి ఎనిమిది వారాల పాటు విడి చక్కెరలు రోజువారీ శక్తిలో 3 శాతానికి మించకుండా భోజనం ఏర్పాటు చేశారు. వారి కాలేయంలో కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. అలవాటైన తిండినే కొనసాగించిన మిగతా సగం మందిలో 21 నుంచి 20కి మాత్రమే తగ్గింది. ఈ ప్రయోగంలో నాకు ముఖ్యంగా తోచినది మరొకటి ఉంది: భోజనం ఆ అబ్బాయికి ఒక్కడికే కాకుండా ఇంటిల్లిపాదికీ ఏర్పాటు చేశారు. అందరూ తీపి తాగుతుంటే పిల్లవాడికి మాత్రం నీళ్లు ఇస్తే ఆ పథకం వారం నిలవదు. దాహానికి నీళ్లు, తీపి కావాలన్నప్పుడు పండు, ఈ నియమం ఇంట్లో పెద్దలకూ వర్తించనివ్వండి. పిల్లలను ఆకలితో ఉంచి బరువు తగ్గించే ప్రయత్నం మాత్రం చేయవద్దు. ఎదిగే వయసులో ఆ సంగతి పిల్లల డాక్టరు గారి పర్యవేక్షణలోనే జరగాలి.

ప్రశ్న: ఫ్యాటీ లివర్‌కు మొక్కల ఆహారం మంచిదని అందరూ అంటారు, కానీ అందులో నిజంగా పనిచేసేది ఏది? బరువు తగ్గడం వల్ల వచ్చే ఫలితాన్నే ఆహారానికి ఆపాదిస్తున్నారా? ఉపాధ్యాయుణ్ని కనుక ‘అందరూ అంటారు’ అనే సమాధానం నాకు చాలదు.

సమాధానం: మంచి ప్రశ్న, సూటిగా అడిగారు కనుక కొంచెం విస్తరించి చెబుతాను.

బరువు ప్రభావం పెద్దదే. క్యూబాలో 293 మంది రోగులకు ఏడాది పాటు ఆహారం, వ్యాయామం మార్పించి, ముందూ తరువాతా కాలేయపు ముక్క తీసి పరీక్షించిన అధ్యయనం 2015లో వచ్చింది. బరువులో 10 శాతం, అంతకు మించి తగ్గినవారిలో 90 శాతం మందికి కాలేయపు వాపు సద్దుమణిగింది, 45 శాతం మందిలో మచ్చలు సైతం వెనక్కి తగ్గాయి. కానీ అంత తగ్గగలిగినవారు పదిమందిలో ఒక్కరే. కాబట్టి మిగతా తొమ్మిదిమందికి ఆహారం ఏమైనా చేయగలదా అన్నదే మీ ప్రశ్నలోని అసలు సారం.

చేయగలదనడానికి చిన్నదే అయినా శుభ్రమైన ఆధారం ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో 12 మంది రోగులకు ఆరు వారాలు మధ్యధరా పద్ధతి ఆహారం, మరో ఆరు వారాలు కొవ్వు తగ్గించి పిండిపదార్థాలు పెంచిన ఆహారం ఇచ్చారు. అదే మనుషులు రెండూ తిన్నారు కనుక పోలిక నికరంగా ఉంటుంది. 2013లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి ఆహారంతో కాలేయ కొవ్వు 39 శాతం తగ్గింది, రెండోదానితో 7 శాతం. బరువులో మాత్రం రెంటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యధరా ఆహారం పూర్తి శాకాహారం కాదు, చేపలు ఉంటాయి. కానీ దాని బలమంతా ఆలివ్ నూనె, పప్పులు, కూరగాయలు, గింజల్లో ఉంది.

మరి ఆ ఆహారాన్ని మరింతగా మొక్కల వైపు జరిపితే? ఇజ్రాయెల్‌లో 294 మందిని మూడు బృందాలు చేసి 18 నెలలు పరిశీలించారు, 2021లో ఫలితాలు ప్రకటించారు. ఒక బృందానికి సాధారణ ఆరోగ్య సలహాలు, రెండో బృందానికి మధ్యధరా ఆహారంతో పాటు రోజూ 28 గ్రాముల వాల్‌నట్లు, మూడో బృందానికి వీటికి తోడు ఎర్రమాంసం బాగా తగ్గించి, రోజుకు మూడు నాలుగు కప్పుల గ్రీన్ టీ, నీటిపై పెరిగే ఒక సన్నని ఆకుతో చేసిన పానీయం. వ్యాయామం మూడు బృందాలకూ సమానమే. మొదట్లో 62 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉండగా, చివరికి మొదటి బృందంలో 54.8 శాతం, రెండో బృందంలో 47.9 శాతం, మూడో బృందంలో 31.5 శాతం మందికి మాత్రమే మిగిలింది. రెండు మధ్యధరా బృందాల్లోనూ బరువు తగ్గుదల ఇంచుమించు ఒకటే. అయితే ఇందులో గ్రీన్ టీ పాలు ఎంత, ఆకు పాలు ఎంత, మాంసం తగ్గించడం పాలు ఎంత అని విడదీసి చెప్పే వీలు ఆ ప్రయోగ నిర్మాణంలో లేదు. ఎవరైనా ఆ ఆకు పొడిని సీసాలో పెట్టి అమ్మబోతే ఈ ఒక్క మాట గుర్తుకు తెచ్చుకోండి.

ఎలా పనిచేస్తుందన్న దానికి వస్తే, నా దృష్టిలో పీచుదే అగ్రస్థానం. కాలేయానికి అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. అంటే పేగులో ఏం జరిగినా మొదటగా తెలిసేది కాలేయానికే. మనకు జీర్ణం కాని పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. వీటిలో బ్యూటిరేట్ పేగు గోడ కణాలకు తిండి. పీచు అందనప్పుడు ఆ గోడ బలహీనపడి, సూక్ష్మజీవుల శకలాలు రక్తంలోకి జారి, కాలేయంలో వాపును రాజేస్తాయి. కొవ్వు ఒక్కటే అయితే కాలేయం ఏళ్ల తరబడి మోస్తుంది. వాపు తోడైనప్పుడే మచ్చలు, ఆ పైన కాలేయం మచ్చలతో గట్టిపడిపోయే సిరోసిస్ దాకా దారి తెరుచుకుంటుంది. చైనాలో 200 మంది ఫ్యాటీ లివర్ రోగుల మీద జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో, రోజుకు 40 గ్రాముల చొప్పున నాలుగు నెలలు, చిన్నపేగులో అరగని పిండిపదార్థం తీసుకున్నవారిలో కాలేయ కొవ్వు స్పష్టంగా తగ్గింది, పేగులోని సూక్ష్మజీవుల సమతూకం కూడా మారింది. పొడి రూపంలో ఇచ్చిన ఆ పదార్థం సహజంగా పప్పుల్లో, చిక్కుడు గింజల్లో, పచ్చి అరటికాయలో, వండి చల్లార్చిన బంగాళాదుంపలో ఉంటుంది, అంత మోతాదులో కాకపోయినా.

పప్పులు, చిక్కుళ్లు నాకు గింజలకన్నా నమ్మకమైనవిగా తోస్తాయి, ఎందుకంటే అవి పీచునూ ప్రొటీనునూ ఒకేసారి అందిస్తూ పళ్లెంలో తెల్లపిండి స్థానాన్ని ఆక్రమిస్తాయి. వాల్‌నట్, బాదం వంటి గింజల్లోని అసంతృప్త కొవ్వు మేలైనదే, కానీ 28 గ్రాముల వాల్‌నట్లలో ఇంచుమించు 185 కేలరీలు ఉంటాయి. ఉన్న తిండి మీద అదనంగా తింటే నడుము పెరుగుతుంది, బిస్కెట్ల బదులు తింటే లాభం. ఈ ‘బదులు’ అన్న మాటను కాస్త గట్టిగా పట్టుకోండి. పైన చెప్పిన మధ్యధరా ఆహార ప్రయోగాల్లో ఒక ఆహారం మరొకదాని స్థానంలోకి వచ్చింది, దేనికీ అదనంగా రాలేదు. ఆకుకూరలు, కూరగాయల గురించి చెప్పాలంటే, అవి తక్కువ శక్తితో కడుపు నింపుతాయి, పళ్లెంలో చోటు ఆక్రమిస్తాయి. ఫలానా కూరగాయ కాలేయాన్ని ‘కడుగుతుంది’ అన్న ప్రచారానికి మాత్రం నేను సంతకం పెట్టలేను.

ప్రశ్న: కాలేయం బాగాలేదని ఇంట్లో నా కాఫీ మాన్పించారు. న్యాయమేనా?

సమాధానం: కాఫీ ప్రియుణ్ని కనుక ఈ జవాబులో నాకు స్వార్థం ఉందని ముందే ఒప్పుకుంటాను. మీ ఇంట్లోవారు మాన్పించాల్సింది కాఫీలోని చక్కెరను. బ్రిటన్‌లో దాదాపు అయిదు లక్షల మంది వివరాలతో 2021లో వెలువడిన పరిశీలనలో, కాఫీ తాగేవారిలో దీర్ఘకాలిక కాలేయ జబ్బులు 21 శాతం, వాటి వల్ల మరణాలు 49 శాతం తక్కువగా కనిపించాయి. కెఫీన్ తీసేసిన కాఫీ తాగేవారిలోనూ మేలు కనిపించింది కాబట్టి ఆ గుణం కెఫీన్‌ది మాత్రమే కాదు. ఇది కూడా పరిశీలనే, ప్రయోగం కాదు. అందుచేత అలవాటు లేనివారిని మొదలుపెట్టమని చెప్పను. గుండె దడ, నిద్రలేమి, గర్భం ఉన్నవారు మీ డాక్టరు గారిని అడిగి పరిమితి పెట్టుకోవాలి. మీరు మాత్రం చక్కెర లేకుండా రోజుకు రెండు మూడు కప్పులు నిశ్చింతగా తాగండి.

ప్రశ్న: నా వయసు 53, నెలసరి ఆగి మూడేళ్లైంది. ఫ్యాటీ లివర్ అని తెలిసిన మర్నాటి నుంచి పాలు, పెరుగు, గుడ్లు, చేపలు అన్నీ ఒక్కసారిగా వదిలేశాను. దీనివల్ల నష్టమేమైనా ఉందా?

సమాధానం: కాలేయం కోసం అన్నిటినీ వదలాల్సిన అవసరం లేదు, వదిలితే రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం.

మొదటిది కోలిన్ అనే పోషకం. దీని కథ కాస్త ఆసక్తికరమైనది. ఇన్సులిన్‌ను వెలికితీసిన బృందంలోని చార్లెస్ బెస్ట్ 1930ల తొలినాళ్లలో టొరంటోలో ఒక చిక్కుముడిని విప్పారు. క్లోమం తీసేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బతికించినా, కొంతకాలానికి వాటి కాలేయాలు కొవ్వుతో ఉబ్బిపోయేవి. ఆహారంలో లెసిథిన్ అనే కొవ్వులాంటి పదార్థం చేరిస్తే ఆ కొవ్వు తగ్గేది. లెసిథిన్‌లో ఆ పని చేస్తున్న భాగం కోలిన్ అని బెస్ట్ బృందం తేల్చింది. కాలేయం తనలోని కొవ్వును పొట్లాలు కట్టి రక్తంలోకి పంపాలంటే ఆ పొట్లం పైపొరకు కోలిన్‌తో తయారైన పదార్థం కావాలి. అది చాలకపోతే సరుకు గోదాములోనే ఉండిపోతుంది. ఒంట్లో కొంత కోలిన్ తయారవుతుంది గానీ, ఆ తయారీని ప్రోత్సహించేది ఈస్ట్రోజెన్; నెలసరి ఆగాక అది తగ్గుతుంది కాబట్టి మీ వయసు స్త్రీలు ఆహారం మీద ఎక్కువగా ఆధారపడాలి. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం స్త్రీలకు రోజుకు 425 మిల్లీగ్రాములు, పురుషులకు 550 మిల్లీగ్రాములు సరిపోతాయి. ఒక పెద్ద గుడ్డులో సుమారు 147 మిల్లీగ్రాములు ఉంటే, అరకప్పు వేయించిన సోయా గింజల్లో 107, అరకప్పు ఉడికించిన రాజ్మాలో 45, అరకప్పు బ్రకోలీలో 31 దాకా ఉంటాయి. మొక్కల నుంచే సంపాదించడం సాధ్యమే. అయితే సోయా, చిక్కుళ్లు రోజూ పళ్లెంలో ఉండాలి, ఎప్పుడో ఒకసారి ఉంటే కుదరదు.

రెండోది బి12 విటమిన్. మొక్కల ఆహారంలో ఇది నమ్మదగ్గ మోతాదులో లేదు. పాలు, గుడ్లు, చేపలు అన్నీ మానేసినవారు బి12 మాత్ర గానీ, దాన్ని చేర్చిన ఆహారం గానీ తీసుకోవలసిందే. ఇందులో బేరం లేదు.

నన్నడిగితే, మీరు చక్కెర లేని పెరుగు, గుడ్డు, చేప తిరిగి మొదలుపెట్టి, అంత పట్టుదలనూ తీపి మీద, తెల్లపిండి మీద, వనస్పతితో చేసిన తినుబండారాల మీద చూపించండి. ధార్మిక కారణాల వల్లో, జంతువుల మీద దయ వల్లో పూర్తిగా వదలాలనుకుంటే అది మీ ఇష్టం, పైన చెప్పిన రెండు ఏర్పాట్లతో నిర్భయంగా వదలవచ్చు.

ప్రశ్న: పసుపు సారం, గ్రీన్ టీ సారం మాత్రలు కాలేయ కొవ్వును కరిగిస్తాయని స్నేహితుడు తెచ్చిచ్చాడు. మొక్కల నుంచి తీసినవే కదా, వాడవచ్చా?

సమాధానం: వాడకండి. కప్పులో కాచిన టీ వేరు, అందులోని ఒక్క పదార్థాన్ని పదింతలు చిక్కబరిచి మాత్రలో కూరడం వేరు. గ్రీన్ టీలోని ఇజీసీజీ అనే పదార్థాన్ని మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరగడాన్ని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2018లో నమోదు చేసింది. పసుపు మాత్రలతో, ముఖ్యంగా శోషణ పెంచడానికి మిరియాల సారం కలిపిన వాటితో, కాలేయం దెబ్బతిన్న కేసులను అమెరికా వైద్యులు 2022లో ప్రచురించారు. వంటలో వేసే పసుపుకు ఈ మాట వర్తించదు. ఇప్పటికే కొన్ని వారాలుగా మింగుతున్నట్లయితే ఆపి, మీ డాక్టరు గారికి ఆ సీసా చూపించి, కాలేయ పరీక్ష చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, సన్నగా ఉంటాను. అయినా స్కానింగులో ఫ్యాటీ లివర్ అన్నారు. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ 28, ఎస్‌జీపీటీ 31, ప్లేట్‌లెట్లు 2,40,000. అన్నీ సాధారణమే కనుక పట్టించుకోనక్కరలేదా? పట్టించుకోవాలంటే తగ్గించుకోవడానికి నాకు బరువే లేదు.

సమాధానం: ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైములు సాధారణంగా ఉన్నంత మాత్రాన కాలేయంలో కొవ్వు లేదని గానీ, మచ్చలు లేవని గానీ చెప్పలేము. చూడవలసింది మచ్చలు ఏర్పడే అవకాశం ఎంతన్నది. దానికి మీరు రాసిన అంకెలే చాలు: వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ఆ మొత్తాన్ని వేలల్లో లెక్కించిన ప్లేట్‌లెట్ల సంఖ్యతో, ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగిస్తే వచ్చేదాన్ని ఫిబ్-4 అంటారు. మీకు అది సుమారు 0.8. 1.3 కన్నా తక్కువ ఉంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం చాలా తక్కువ. 65 దాటినవారికి ఈ హద్దు 2గా తీసుకుంటాము.

సన్ననివారిలో కొవ్వు చేరడానికి ఒక కారణం వారసత్వం. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు కాలేయంలో కొవ్వు నిలిచిపోవడానికి దోహదపడుతుందని 2008లో తెలిసింది. బరువుతో నిమిత్తం లేకుండా అది పనిచేస్తుంది. మరో కారణం, బరువు సాధారణమే అయినా నడుము లోపలి కొవ్వు ఎక్కువగా ఉండడం. అందుకే బరువు తూచుకునే యంత్రాన్ని పక్కన పెట్టి ముందు నడుము కొలుచుకోండి. మీలాంటివారికి బరువులో 3 నుంచి 5 శాతం తగ్గినా కాలేయంలో తేడా కనిపిస్తుంది, అంటే 60 కిలోల మనిషికి రెండు మూడు కిలోలు. తగ్గించడానికి అంత కూడా లేదనుకుంటే, పై సమాధానాల్లో చెప్పిన ఆహార మార్పిడి, వారానికి 150 నిమిషాల చురుకైన నడక, కండరాలకు పని చెప్పే వ్యాయామం సరిపోతాయి. వ్యాయామం బరువు తగ్గించకపోయినా కాలేయ కొవ్వును తగ్గించగలదు. మద్యం అలవాటు ఉంటే పూర్తిగా మానేయండి.

రక్తంలో చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, రక్తపోటు ఇంతవరకు చూపించుకోకపోతే ఈ నెలలోనే చూపించుకోండి. అవి కూడా సాధారణమైతే ఫిబ్-4ను రెండు మూడేళ్లకు ఒకసారి, చక్కెర అంచున ఉన్నట్లు తేలితే ఏడాది రెండేళ్లకు ఒకసారి మళ్లీ లెక్కించుకోవాలి. ఈలోగా అది 1.3 దాటితే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకుని, ఆ రిపోర్టుతో కాలేయ నిపుణులను కలవండి.